‘చేతికి గాయం’ అంటే చాలునా?

పిల్లలూ! ఒకసారి మా ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలి ఓ కుర్రాడి కుడి బొటనవేలు తెగింది. రిజిస్టరులో ‘చేతికి గాయం’ అని రాసి ఊరుకున్నాను. నాలుగో రోజున వేలు వాచింది. దేనితో తెగిందని డాక్టరు అడిగితే నా రాతలో జవాబు లేదు. గాజుపెంకు లోపలే ఉంది!

అమెరికా ఆసుపత్రుల రికార్డులకు మన హైదరాబాదులో చాలామంది కోడ్లు వేస్తుంటారు. అక్కడి పద్ధతిలో ఇలాంటి గాయానికి, గోరు చెడకపోతే, తొలి చికిత్సలో ఎస్61.011ఎ. లోపల పెంకు ఉంటే ఎస్61.021ఎ. ఎడమ వేలైతే మళ్ళీ వేరు. డాక్టరు రాయనిది కోడరు ఊహించరాదు. పొడవు రాయకపోతే కుట్ల కోడూ తేలదు, 2.5 సెంటీమీటర్ల వరకు ఒకటి, దాటితే ఇంకొకటి.

ఇదంతా బిల్లుల కోసమేగా అంటారేమో. కావచ్చు. అయినా మన బడి రిజిస్టరుకూ ఆ పట్టింపు ఉండాలంటాను: ఏ చెయ్యి, ఏ వేలు, ఎంత పొడవు, దేనితో. తెగినవాడు భయంతో చెప్పలేడు. పక్కన నిలుచున్న మీరే చెప్పాలి.