ఇంటింటి ఆరోగ్యం: క్యాన్సర్ తొడ ఎముకకు పాకితే ఆపరేషన్ ఎందుకు?

కెలవరపల్లి డ్యాము తావ ఉండే ఒక చెల్లెలు అడిగింది: "మా అత్తకు మూడేండ్ల కింద రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు తొడ పైభాగాన నొప్పి. ఎముకకు పాకింది, రాడ్ వెయ్యాల అంటుండారు. రోగమే పోనప్పుడు మళ్ళీ కోత ఎందుకన్నా?"

మంచి ప్రశ్నే తల్లీ. ఈ ఆపరేషన్ క్యాన్సర్‌ను తుడిచేసేదానికి కాదు. మీ అత్త నొప్పి తగ్గి, తన కాళ్ళ మీద తాను బాత్‌రూముకు పోయేదానికి.

రొమ్ము, ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్, ప్రొస్టేట్ క్యాన్సర్లు ఎముకలకు ఎక్కువగా పాకుతాయి. నడిచేటప్పుడు ఒంటి బరువంతా మోసేది తొడ ఎముక పైభాగమే. చెదలు తిన్న దూలం మాదిరి అది మంచం దిగేటప్పుడే విరగొచ్చు. విరిగినాక చేసేదానికన్నా ముందే చేస్తే రక్తం తక్కువ పోతుంది, తొందరగా నడుస్తారు.

డాక్టర్లు నాలుగు చూస్తారు: ఏ ఎముక, నొప్పి ఎంత, ఎముక మందంలో ఎంత తినేసింది, ఎక్స్‌రేలో ఎట్లా కనబడుతోంది. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. 12కి 9 గానీ, పైన గానీ వస్తే విరగకముందే రాడ్ వెయ్యడం మేలంటారు. 1989లో మిరెల్స్ అనే డాక్టరు చెప్పిన లెక్క ఇది.

ఎముక తల, మెడ బాగుంటే లోపల పొడుగు రాడ్ దింపుతారు. అవి పాడైతే తీసేసి, సిమెంటుతో లోహపు కీలు పెడతారు. కుట్లు మానినాక రేడియేషన్ మానొద్దు. లేకుంటే మిగిలిన క్యాన్సర్ ఎముకను తింటానే ఉంటుంది, రాడ్ కూడా వదులవుతుంది. మనిషి బాగా నీరసించిపోయుంటే కోత తట్టుకోలేరు. అప్పుడు రేడియేషన్, నొప్పి మందులతోనే చూస్తారు. ఇది డాక్టరును నేరుగా అడగండి.

అంతదాకా ఆ కాలి మీద బరువు వెయ్యనీకండి, వాకర్ ఇప్పించండి. నూనె పట్టించి పిసకొద్దు. పుత్తూరు కట్టు మామూలు విరుపుకు కట్టేది. క్యాన్సర్ తిన్న ఎముక కట్టుతో అతకదు.

బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రి మనకు దగ్గర. చెన్నై అడయారు క్యాన్సర్ ఆసుపత్రి 1954 నుంచి ఉంది. పాత ఫైలు, ఎక్స్‌రేలు తప్పక తీసకపోండి. ఈఎస్ఐ కార్డులో అత్త పేరుంటే డిస్పెన్సరీలో రెఫరల్ రాయించండి. ముఖ్యమంత్రి బీమా కార్డుంటే చేర్చేముందే ఆ కౌంటర్లో అడగండి.

అత్తను కూడా అడుగమ్మా. కాలు ఆమెది, నడక ఆమెది.