బేరమాడలేనివాని యెదుట



"వ్యాపారము వ్యాపారమే, భక్తి భక్తే" అను మాట నీవు ఎన్నిమారులు వింటివి? నేనైతే ఆరాధన ముగిసి గుడి మెట్ల మీద చెప్పులు తొడుగుకొనుచుండగనే వింటిని. పలికినవాడు చెడ్డవాడు కాడు. కానుక సంచిలో వెనుదీయక వేయువాడే. అయినను ఆ మాట అబద్ధము. మన సంఘములను లోలోపల తినివేయుచున్న అబద్ధము. దానిమీదనే నేడు నా పోరు.

నేను పెద్ద వర్తకులను గూర్చి వ్రాయుట లేదు. టీ అంగడి పెట్టినవాడు, ఆటో నడుపువాడు, కుట్టుమిషను ముందు కూర్చున్న అక్క, సెలూను తెరచినవాడు, ఇంటిమీద రెండు గదులు కట్టి అద్దెకిచ్చువాడు, వీరితోనే నా మాట. వాన చాలక, వేరుసెనగ చేతికి రాక, చేను విడిచి ఇట్టి పనులలో దిగినవారు మన సంఘములలో అనేకులు. వారి అప్పులు, వారి నిద్రలేమి నాకు తెలియనివి కావు.

బత్తలపల్లి నీవెరుగుదువు. అనంతపురము నుండి కదిరికి పోవు దారిలోని ఊరు, ధర్మవరమునకు దగ్గర. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. 1969లో అనంతపురమునకు వచ్చి, 2009లో మరణించి, ఈ బత్తలపల్లిలోనే సమాధి చేయబడిన విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన సంస్థ, ఆర్.డి.టి. అని మనము పిలుచునది, 2000 సంవత్సరములో ఇక్కడ ఆసుపత్రి తెరచెను. లోపల రోగిని వైద్యులు, నర్సులు చూచుకొందురు. మరి బయట నిలిచిన తల్లికి చంటిబిడ్డ పాలకు వేడినీళ్లు ఎవరిత్తురు? ప్రొద్దుపోయి బస్సు దిగిన తండ్రికి నడుము వాల్చు చోటెవరిత్తురు? ఆసుపత్రి ఎక్కడ వెలసినను దాని గేటు ఎదుట అంగళ్లు వెలయును. వెలయవలెను కూడ. అవి లేనిచో ఆసుపత్రి పని సగమే. బత్తలపల్లివారిని నేను నిందించుట లేదు, ఏ ఊరి ఆసుపత్రి వీధికైనను నా మాట చెల్లును.

ఆ గేటు ఎదుట నీ అంగడికి వచ్చువాడెవడో చూడుము. సంతలో వంకాయల ధర నచ్చనివాడు ప్రక్క గంపకు పోవును. ఇతడు ఎక్కడికి పోవును? కొడుకు లోపల మంచము మీదనున్నాడు. ఊరు క్రొత్త, దారి తెలియదు, చదువు రాదు. నీవు ఏబది అనిన ఏబది, నూరు అనిన నూరు. "నేను బలవంతము చేసితినా? అతడే ఒప్పుకొని యిచ్చెను" అందువు. సోదరా, అది ఒప్పుకొనుట కాదు. గొంతుమీద కాలున్నవాడు తల ఊపిన దానిని సమ్మతి అనుకొందువా?

కొన్నేండ్ల క్రిందట వేరొక పట్టణములో మా తమ్ముని కుమార్తెకు నడిరేయి నొప్పులు వచ్చినప్పుడు ఆటో పిలిచితిమి. దిగిన తరువాత అతడు అడిగినది పగటి బాడుగకు మూడంతలు. ఆటో అద్దము మీద రంగు అక్షరములతో వాక్యము వ్రాయించుకొన్నాడు. వ్రేలితో దానిని చూపితిని. "రాత్రి పూటంతే పెద్దాయనా. నాకూ గిట్టాల కదా" అనెను. ఇచ్చి ఊరకుంటిని. ఇంటికి వచ్చి వారము దినములు అతనిని తిట్టుకొంటిని. తిట్టుకొనుచుండగా నా పాత లెక్క ఒకటి నాకే గుర్తు వచ్చెను. అది చివర చెప్పెదను.

గిట్టవలెననుట న్యాయమే. రాత్రివేళ నిద్ర మానుకొని వచ్చినవాడు కొంత హెచ్చుగా అడుగవచ్చును. నేను ధర్మసత్రము పెట్టుమనుట లేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కూడి డేరాలు కుట్టెను గాని వాటిని ఉచితముగా పంచిపెట్టెనని ఎక్కడను లేదు. మూతబడిన అంగడి ఎవనికిని టీ పోయలేదు. నేనడుగునది ఇంతే: ఎక్కకముందే ధర చెప్పుము. పలకమీద వ్రాసి వ్రేలాడదీయుము, చదువురానివానికి నోటితో చెప్పుము. తెలిసినవానికి ఒక ధర, తెలియనివానికి ఒక ధర వద్దు. దీనివలన నీకు కొంత తగ్గును. తగ్గదని నేను నిన్ను మభ్యపెట్టను.

"ఆదివారము నా అంగడి మూయుదును" అని కొందరు గొప్పగా చెప్పుకొందురు. మంచిదే. ఆరు దినములు ఒలిచి ఏడవ దినము తలుపు వేసినవానికంటె, ఆదివారము ఆరాధన కాగానే రోగుల వారికి గంజి కాచి న్యాయమైన ధరకు పోయువాడు నాకు ఇష్టుడు. దీనికి కొందరు పెద్దలు నామీద కోపపడుదురు, పడనిమ్ము.

ఇంతకంటె బరువైన సంగతి మరియొకటి. మన తండ్రులు టీ అంగడి వెలుపల నిలిచి, చూరులో దోపిన వేరు గ్లాసు తీసి త్రాగి, కడిగి మరల అక్కడనే దోపిన దినములు నీ ఇంటి పెద్దలను అడుగుము. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము దానిని శిక్షార్హము చేసిన తరువాత కూడ అనేక గ్రామములలో ఆ గ్లాసు చూరు దిగలేదు. అప్పటి అంగడివాడు ఏమనెడివాడు? "నాకేమీ పట్టింపు లేదు గాని, తక్కిన గిరాకీలు రారు" అనెడివాడు.

నేడు హెచ్.ఐ.వి. రోగము గలవాడు మన పిల్లల అంగళ్లకు వచ్చుచున్నాడు. బత్తలపల్లి ఆసుపత్రిలో ఆ రోగమునకు చికిత్స జరుగుచున్నది గనుక ఈ మాట ఇక్కడివారు బాగుగా ఎరుగుదురు. అతని మందుల కాగితము చూచి గది ఇవ్వని మనవాడున్నాడు. కాగితపు గ్లాసు వెదకి అతనికి మాత్రమే దానిలో పోయు మనవాడున్నాడు. అడిగిన ఏమనుచున్నాడు? "నాకేమీ లేదన్నా, తక్కిన గిరాకీలు రారు!" చూరులోని గ్లాసు వీని తాతది. వీడు దానిని దించి మరియొకని చేతికిచ్చుచున్నాడు. ఆ రోగము గ్లాసువలనను, పడకవలనను, కలిసి కూర్చుండుటవలనను అంటదు. సెలూనులో ప్రతివానికి క్రొత్త బ్లేడు వాడవలసినదే, ఎవని రక్తములో ఏమున్నదో ముఖము మీద వ్రాసియుండదు గదా. ఆ రోగము గలవానికి వసతిగాని సేవగాని నిరాకరించరాదని 2017లో చట్టము చేయబడి, 2018లో అమలులోనికి వచ్చెను. అయితే చట్టము చెప్పువరకు ఆగవలసిన అగత్యము, కుష్ఠరోగిని ముట్టిన ప్రభువును వెంబడించువారికి ఉన్నదా?

ఇక నా లెక్క. నేను పిండి మిషను నడుపు దినములలో, ఒక క్రిస్మసు ముందు వారమున ఊరిలోని మరియొక మిషను చెడిపోయెను. జనమంతయు నా యొద్దనే వరుస కట్టిరి. ఆ మూడు దినములు ఆడించు కూలి పెంచితిని. ఎవరును నోరెత్తలేదు. ఎత్తి ఎక్కడికి పోవుదురు? ఆటోవానిని తిట్టుకొన్న తరువాత గుర్తున్నవారి ఇండ్లకు పోయి హెచ్చుగా తీసికొన్నది తిరిగి యిచ్చితిని. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదననెను, నేను ఒక్క అంతే ఇచ్చితిని. ఒక ముసలామె చిల్లర లెక్కించుకొని, కొంగున ముడివేసికొని, నా ముఖము చూచి అడిగెను:

"ఆ పొద్దు అడిగింటే ఇస్తాంటివా, నాయనా?"