ప్రశ్న అడగడం నేర్పే క్లాసు

జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చాయంటే హైస్కూలు పిల్లలున్న మన ఇళ్ళలో వచ్చే ఏడాది కోర్సుల గురించి పెద్ద చర్చే నడుస్తుంది. ఏపీ కాలిక్యులస్, ఏపీ కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్సు అన్నీ సర్దాక చివర ఒక్క ఖాళీ మిగులుతుంది. అందులో "జర్నలిజం తీసుకుంటాను" అని పిల్ల అంటే, "అదెందుకమ్మా, రేపు పేపర్లో పనిచేస్తావా?" అని మనం అడుగుతాం. ఆ మాట అనేముందు అసలు ఆ క్లాసులో ఏం నేర్పుతారో చూద్దాం.

పేరు జర్నలిజమే గానీ అక్కడ నేర్పేవి నాలుగు పనులు. మనకు తెలియని విషయాన్ని తెలిసినవాళ్ళ దగ్గరకు వెళ్ళి మర్యాదగా అడగడం. వాళ్ళు చెప్పింది మరో చోట సరిచూసుకోవడం. తేలినదాన్ని గడువు లోపల, నలుగురికీ అర్థమయ్యేలా రాయడం. దాని కింద తన పేరు పెట్టి, తప్పొస్తే తనే దిద్దుకోవడం. ఈ నాలుగూ వచ్చినవాళ్ళు దొరకడం ఎంత కష్టమో సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మనకు బాగా తెలుసు. కోడు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. క్లయింటుకు నిజంగా ఏం కావాలో అడిగి రాబట్టి, ఒక పేజీలో స్పష్టంగా రాసేవాళ్ళకోసమే వెతుక్కోవాలి.

ఈ చదువు ఎంతదాకా పనికొస్తుందో చెప్పే కథ ఒకటి కాన్సస్ రాష్ట్రంలో 2017లో జరిగింది. పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరి హైస్కూలుకు కొత్త ప్రిన్సిపాల్‌ను నియమించారు. ఆవిడను పాఠకులకు పరిచయం చేద్దామని స్కూలు పత్రిక 'బూస్టర్ రిడక్స్' పిల్లలు మామూలుగానే వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. ఆవిడ మాస్టర్స్, డాక్టరేటు చేశానని చెప్పిన విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నట్టు ఎక్కడా ఆధారం కనపడలేదు. పిల్లలు అక్కడితో ఆగి పుకారు లేపలేదు. నేరుగా ఆవిడతోనే ఫోనులో మాట్లాడారు. చెప్పిన తేదీలు, వివరాలు ఒకదానికొకటి పొసగలేదు. పత్రికను చూసుకునే టీచరు ఆ ప్రిన్సిపాల్‌ను ఎంపిక చేసిన కమిటీలో ఉన్నారు గనుక ఈ వార్త వరకు తాను పక్కకు తప్పుకున్నారు. బయటి సలహాదారు సాయంతో, ఆరుగురు విద్యార్థుల పేర్లతో మార్చి 31న కథనం వచ్చింది. ఏప్రిల్ 4న ఆ ప్రిన్సిపాల్ ఉద్యోగంలో చేరకముందే రాజీనామా చేశారు. పెద్దలు అడగకుండా వదిలేసిన ప్రశ్నను పిల్లలు అడిగారు. పదవి పోవడం కన్నా నాకు నచ్చింది వాళ్ళు పనిచేసిన పద్ధతి. ఆరోపణ ఎవరి మీదో, ముందు వాళ్ళ మాట వినాలని ఆ వయసులోనే నేర్చుకున్నారు.

పక్కనే ఉన్న మిజోరీ రాష్ట్రంలో ఇంకో కథ. 1983లో సెయింట్ లూయిస్ దగ్గర హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూలు ప్రిన్సిపాల్ స్కూలు పత్రికలోని రెండు పేజీలు తీసేయించారు. వాటిలో టీనేజి గర్భాల గురించి ఒక వ్యాసం, తల్లిదండ్రుల విడాకుల గురించి ఒక వ్యాసం ఉన్నాయి. గర్భం దాల్చిన అమ్మాయిలెవరో పేర్లు మార్చినా తెలిసిపోతుందని, విడాకుల వ్యాసంలో తండ్రి పక్షం మాట అడగలేదని ఆయన వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1988లో కోర్టు 5-3 తో స్కూలు వైపే తీర్పు చెప్పింది. అప్పటినుంచి స్కూలు డబ్బుతో నడిచే పత్రికలో ఏం రావాలో నిర్ణయించడానికి స్కూళ్ళకు చాలా అధికారం వచ్చింది. అయితే విద్యార్థి పత్రికలకు రక్షణ ఇచ్చే సొంత చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. కాలిఫోర్నియా 1977లోనే చేసింది. కాన్సస్ 1992లో, న్యూజెర్సీ 2021లో చేశాయి. అంటే పిట్స్‌బర్గ్ పిల్లల వెనక ధైర్యంతో పాటు చట్టం కూడా ఉందన్నమాట. మీ రాష్ట్రంలో పరిస్థితి ఏమిటో పిల్లలతో కలిసి చూడండి. వాళ్ళకు సివిక్స్ పాఠం కూడా అయిపోతుంది.

ఇక పత్రికలో ఎప్పుడూ రాయని పిల్లలకు ఇదెందుకు? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రకటించిన ఒక అధ్యయనం చూడండి. మూడువేల నాలుగువందల పైచిలుకు హైస్కూలు విద్యార్థులకు ఫేస్‌బుక్‌లో తిరిగిన ఒక మసక వీడియో చూపించారు. అమెరికా ఎన్నికల్లో దొంగ ఓట్లు వేస్తున్నారని దాని సారాంశం. నిజానికది రష్యాలో తీసింది. సగానికి పైగా, 52 శాతం మంది, అది గట్టి సాక్ష్యమే అన్నారు. ఇంటర్నెట్ చేతిలోనే ఉన్నా, ఆ వీడియో ఎక్కడిదో వెతికి పట్టుకున్నవాళ్ళు ముగ్గురే ముగ్గురు. ఫోను పుట్టుకతోనే చేతికొచ్చిన తరం కదా, వాళ్ళకన్నీ తెలుసని మనం అనుకుంటాం. ఫోను వాడటం వేరు, ఫోనులో వచ్చిందాన్ని పరీక్షించడం వేరు. కృత్రిమ మేధ బొమ్మలూ గొంతులూ తయారుచేసి ఇస్తున్న ఈ రోజుల్లో ఆ రెండోది ఇంకా అవసరం. మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల సంగతి నేను వేరే చెప్పాలా!

ఇది మనకు కొత్త విద్య కాదు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టారు. అమెరికాలో హైస్కూలు పాత్రికేయులను గౌరవించే 'క్విల్ అండ్ స్క్రోల్' సంస్థ మొదలైందీ అదే ఏడాది. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చినప్పుడు ప్రతాపరెడ్డి గారు కోపంతో కేకలు వేయలేదు. ఊరూరి నుంచీ వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. ఆ తర్వాత ఆ మాటకు విలువ లేకుండా పోయింది. తప్పుడు మాటకు సరైన జవాబు ఆధారమేనని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? జర్నలిజం క్లాసు సారం కూడా ఇదే.

మన పెంపకంలో "పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడకు" అన్నది గట్టిగా ఉంటుంది. అది మంచి మాటే. కానీ ఎదురు మాట్లాడటం, ప్రశ్న అడగడం ఒకటి కావు. "మీకెలా తెలుసండీ?" అని వినయంగా అడగవచ్చు. ఈ తేడా తెలియని పిల్లలు రేపు డాక్టరు దగ్గర, బాసు దగ్గర, సిటీ కౌన్సిల్లో తలూపి వచ్చేస్తారు. అసలు అడిగేవాళ్ళే తగ్గిపోతున్నారు. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం మెడిల్ స్కూలు లెక్క తేల్చింది. ఊరి స్కూలు బోర్డు మీటింగుకు వెళ్ళి రాసే విలేకరి లేని ఊళ్ళలో మన పిల్లలు పెరుగుతున్నారు.

మీ పిల్లల స్కూల్లో ఆ క్లాసు లేకపోతే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. వేసవికి అమ్మమ్మ, తాతయ్య వస్తారు కదా. వాళ్ళు చదువుకున్న బడి గురించో, మొదటి ఉద్యోగం గురించో పిల్లలతో పది ప్రశ్నలు ముందే రాయించండి. చెప్పిన ఏడాది, ఊరి పేరు, మనుషుల పేర్లు ఇండియాలో ఉన్న మరో చుట్టానికి ఫోను చేసి సరిచూడమనండి. తాతయ్య 1971 అంటే చిన్నతాత 1973 అంటారు. అప్పుడేం చేయాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. తర్వాత తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక పేజీ రాసి, కింద సంతకం పెట్టి, అచ్చుకు ముందు తాతయ్యకు చదివి వినిపించమనండి.

ఆ పేజీ మన పత్రికకు పంపితే సంపాదకులు తప్పక చదువుతారు. కోర్సుల ఫారం మీద ఆ చివరి ఖాళీ గురించి మాత్రం ఈసారి పిల్లల మాట కాస్త వినండి.