కారపు కూరకు ఆల్సేస్ వైన్: రుచి వేరు, ఆరోగ్యం వేరు

సంక్రాంతికి విదేశాల నుండి వచ్చే పిల్లల పెట్టెల్లో చాక్లెట్లతో పాటు ఇప్పుడు వైన్ సీసాలూ దిగుతున్నాయి. "మన కారపు వంటకు ఫ్రాన్సులోని ఆల్సేస్ వైన్ చక్కని జోడట, పైగా గుండెకు మంచిదట, నిజమేనా డాక్టరుగారూ?" అని గుంటూరు, ఒంగోలు ప్రాంతాల్లో నన్ను అడిగినవారు ఒకరిద్దరు కాదు. ఇందులో మొదటి మాట కొంతవరకు నిజం. రెండవది నిజం కాదు.

ఆల్సేస్ ఫ్రాన్సుకు తూర్పు కొసన, రైన్ నది పక్కన ఉన్న ప్రాంతం. అక్కడి రీస్లింగ్, గెవుర్జ్‌ట్రామినర్ ద్రాక్షల నుండి తెల్లవైన్ తీస్తారు. వగరు తక్కువ, కొన్నింటిలో కాస్త తీపి ఉంటుంది. ఎర్రవైన్‌లోని వగరు మిరపకారంతో కలిస్తే నోరు మరింత మండుతుంది కనుక, దానికంటే ఇది నయమన్న మాట సబబే. అయితే ఆల్సేస్ వారు దీన్ని జోడించుకున్నది పులియబెట్టిన క్యాబేజీకి, పందిమాంసానికి. గుంటూరు మిరపకు కాదు.

షడ్రుచుల్లో చోటిచ్చినా, శరీరశాస్త్రం ప్రకారం కారం రుచి కాదు, మంట. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని పసిగట్టే గ్రాహకాలను తట్టిలేపుతుంది. అవి మామూలుగా సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వద్ద మేల్కొంటాయి. ఆల్కహాల్ ఆ హద్దును ఒంటివేడి కంటే దిగువకు దించగలదు. అంటే అది కారానికి విరుగుడు కాదు, తోడుదొంగ. క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలు, పెరుగులలోని కేసీన్ దాన్ని పట్టి తీసుకుపోతుంది. గోంగూర పచ్చడి కలిపిన అన్నంలో నెయ్యి వేసి, చివర గడ్డపెరుగు వడ్డించిన మన అమ్మమ్మలు ఏ పుస్తకమూ చదవకుండానే సరైన జోడు కుదిర్చారు.

ఇక గుండె సంగతి. కొవ్వు బాగా తినే ఫ్రెంచివారిలో గుండెజబ్బులు తక్కువగా ఉండడానికి వైన్ కారణం కావచ్చునని 1992లో సెర్జ్ రెనో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ మాట లోకమంతా పాకింది. అయితే ఇలాంటి అధ్యయనాలు చాలావాటిలో "తాగనివారు" అని లెక్కించిన వారిలో జబ్బుచేసి మానినవారూ ఉన్నారు. వారితో పోలిస్తే మితంగా తాగేవారు ఆరోగ్యవంతులుగా కనబడడంలో వింత లేదు. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పొగాకు పండే ప్రకాశం జిల్లాలో చుట్ట, సిగరెట్టు అలవాటున్నవారికి ఇది మరీ ముఖ్యం: పొగ, మద్యం కలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు కూడిక కాదు, గుణకారం.

"వైన్ మద్యం కాదు కదా" అనేవారికి ఒక లెక్క. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు తిరగబడిన సారాలోనూ ఇదే ఇథనాల్. సీసా అందంగా ఉన్నంత మాత్రాన కాలేయం దాన్ని వేరే పేరుతో పిలవదు.

నా అసలు భయం మధుమేహం ఉన్న పెద్దవారి గురించి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలో, ఇన్సులినో వాడేవారు వైన్ తాగి, అన్నం తగ్గిస్తే, కొన్ని గంటల తరువాత, తరచు నిద్రలో, రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, తడబడే మాట, అయోమయం చూసి ఇంట్లోవారు మత్తనుకొని పడుకోబెడతారు. అలా చేయకండి. వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువగా ఉండి, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.