ఓడింది మనసు కాదు

మారథాన్ సీజన్ దగ్గరపడితే చాలు, ఫోన్లలో ఒక అంకె చక్కర్లు కొడుతుంది. నలభై శాతం. ఇక నావల్ల కాదని మనసు చెప్పే సమయానికి మన శక్తిలో నలభై శాతమే ఖర్చయి ఉంటుందట. మిగతా అరవై శాతం తాళంచెవి మనసు చేతిలో ఉంటుందట. అమెరికా నౌకాదళ మాజీ సైనికుడు డేవిడ్ గాగిన్స్ పేరు మీద ఈ సూత్రం ప్రపంచమంతా పాకింది. మన వ్యక్తిత్వ వికాస వక్తలు అందుకున్నారు. జిమ్ గోడల మీదికి ఎక్కింది, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లల వాట్సాప్ స్టేటస్‌లకూ ఎక్కింది. ఏ ప్రయోగశాలా కొలిచి చెప్పిన అంకె కాదిది. అయినా జనం నమ్ముతారు, వినడానికి బాగుంటుంది కాబట్టి. గెలిచినవాడికి ఈ మాట కిరీటం పెడుతుంది. పడిపోయినవాడికి ఏం పెడుతుందో ఎవరూ అడగరు.

నేను అడుగుతున్నాను. దూరపు పరుగులోనైనా, కొండెక్కడంలోనైనా, గంటల తరబడి సైకిల్ తొక్కడంలోనైనా చివరికి గెలిపించేది మనోబలమేనన్న మాట తప్పు. తప్పుతో పోతే ఊరుకునేవాణ్ణే. అది ప్రాణాల మీదికి తెస్తోంది.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో, బైయిన్ దగ్గరి కొండల్లో 100 కిలోమీటర్ల పోటీ జరిగింది. 172 మంది బయల్దేరారు. కొండ మీద ఉన్నట్టుండి వడగళ్లు, గడ్డకట్టించే వాన, మనిషిని నిలబడనివ్వని గాలి. 21 మంది చనిపోయారు. వాళ్లలో లియాంగ్ జింగ్ ఒకడు. చైనాలో అల్ట్రా పరుగులంటే ముందుగా వినిపించే పేర్లలో అతనిదొకటి. వెనకబడినవాళ్లు, ఆకాశం చూసి అనుమానపడి కిందికి దిగిపోయినవాళ్లు చాలామంది బతికారు. వాహనాలు చేరలేని నిటారు చరియ మీదికి అందరికంటే ముందు చేరినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పట్టుదలలో వాళ్లను మించినవాళ్లు ఆ పోటీలో లేరు.

మరి ఏది లేక పోయారు? గాలి చొరబడని జాకెట్ లేక. ఆ పోటీకి తప్పనిసరిగా తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితాలో అది లేదు. తెచ్చుకుంటే మంచిదన్న సలహాగా మాత్రమే ఉంది. చాలామంది పల్చటి బనియన్లు, నిక్కర్లతోనే పైకెక్కారు. అదే కొండ మీద జూ కెమింగ్ అనే గొర్రెల కాపరి ఒక గుహలో తలదాచుకుని ఉన్నాడు. చలికి కొయ్యబారిపోతున్న ఆరుగురిని అతను గుహలోకి చేర్చి, మంట వేసి, దుప్పట్లు కప్పి బతికించాడు. వాళ్ల సంకల్పం ఎంత గట్టిదో కనుక్కుని కాదు అతను కాపాడింది.

ఈ వాదంలో అసలు లోపం ఇంకోటి ఉంది. మనసంటే ఒంటికి పైన కూర్చుని హుకుం జారీ చేసే దొర అన్నట్టు మాట్లాడతారు. అదే నెత్తురు, అదే చక్కెర, అదే వేడి మీద మెదడూ ఆధారపడి ఉందన్న సంగతి మరిచిపోతారు. ఒళ్లు చల్లబడిపోతుంటే ముందు వణుకు వస్తుంది, మాట తడబడుతుంది, ఆ తర్వాత ఏం చేస్తున్నామో తెలియదు. ఎండలో పరుగెత్తే మనిషి లోపలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడూ అంతే. వడదెబ్బ తగిలిందని అనుమానం వస్తే వైద్యుడు ముందు చూసేది అతను స్పృహలో తిన్నగా ఉన్నాడా లేదా అని. పేరేంటి, ఎక్కడున్నావు అని అడుగుతాడు. తికమకగా బదులిస్తే అది ప్రమాద ఘంటిక. అంటే మనం గట్టిగా పట్టుకోమని చెబుతున్న మనసే అక్కడ ముందుగా జారిపోతోంది. అలాంటి మనిషికి "ఆగకు, ఇంకా అరవై శాతం ఉంది" అని అరిచేవాడు ప్రోత్సహిస్తున్నట్టా, చంపుతున్నట్టా?

ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో మొదటిసారి మారథాన్ పెట్టింది 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్-షీస్ ఆఖరి నీళ్ల బల్ల దగ్గర నీళ్లు అందుకోలేకపోయింది. స్టేడియంలోకి వచ్చేసరికి ఎడమ చెయ్యి వేలాడుతోంది, ఒళ్లు ఒక పక్కకు వంగిపోయింది. కాళ్లు తనవి కానట్టు పడుతున్నాయి. ఆఖరి 400 మీటర్లకు ఐదు నిమిషాల పైనే పట్టింది. ముట్టుకుంటే అనర్హత అవుతుందని వైద్యులు పక్కనే నడుస్తూ కనిపెట్టి చూశారు. ఇంకా చెమట పడుతోందని గమనించి సాగనిచ్చారు. 37వ స్థానంలో గీత దాటి వాళ్ల చేతుల్లో కూలింది. నాలుగు దశాబ్దాలుగా ఆ దృశ్యాన్ని సంకల్పానికి ప్రతీకగా చూపిస్తూనే ఉన్నారు. నాకందులో కనబడేది అందకుండా పోయిన ఆ గ్లాసెడు నీళ్లే.

మనసుకు పాత్రే లేదని నేననడం లేదు. ఉంది, కొలిచారు కూడా. 2009లో వేల్స్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయంలో సామ్యుయేల్ మార్కోరా బృందం 16 మందిని ఒక రోజు కంప్యూటర్ ముందు 90 నిమిషాలు మెదడు అలిసిపోయే పనిలో కూర్చోబెట్టి, తర్వాత సైకిల్ తొక్కించింది. ఇంకో రోజు డాక్యుమెంటరీలు చూపించి తొక్కించింది. మెదడు అలిసిన రోజు వాళ్లు దాదాపు రెండు నిమిషాలు ముందే చేతులెత్తేశారు. గుండె, కండరాల లెక్కల్లో మాత్రం తేడా కనబడలేదు. 2014లో అదే పరిశోధకుడు పాలుపంచుకున్న మరో ప్రయోగంలో, తమకు తాము ధైర్యం చెప్పుకోవడం రెండు వారాల పాటు సాధన చేసినవాళ్లు సుమారు 18 శాతం ఎక్కువసేపు తొక్కారు.

మనోబలం వాదులు రెండో ప్రయోగాన్ని ఊరూరా చెబుతారు. మొదటిదాన్ని మింగేస్తారు. మనసు కూడా పనిచేస్తే అలిసిపోతుందని అది చెబుతోంది కదా! రాత్రి పన్నెండు దాకా బైక్ మీద పార్సిళ్లు అందించి, తెల్లవారుజామున మూడింటికి లేచి గ్రౌండుకొచ్చిన కుర్రాడి మనసు పరుగు మొదలుకాక ముందే సగం అరిగిపోయి ఉంటుంది. కంటినిండా నిద్రపోయి, పోషకాహార నిపుణుడు చెప్పింది తిని వచ్చినవాడి మనసుతో దాన్ని తూచి, "నీకు పట్టుదల చాలదు" అని తీర్పు చెప్పడం అన్యాయం. పైగా ఆ 18 శాతం ప్రయోగశాల సైకిల్ మీద పది పన్నెండు నిమిషాల లెక్క. 30 కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న చక్కెర అడుగంటినప్పుడు ధైర్యవచనం గ్లూకోజ్ కాదు.

ఎలియుడ్ కిప్చోగేను ఈ వాదానికి దేవుణ్ణి చేశారు. మనిషికి హద్దుల్లేవన్నది ఆయన ప్రచార నినాదం కాబట్టి అదీ సులువే అయింది. 2019 అక్టోబర్ 12న వియన్నాలో ఆయన మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. ఆ రోజు ఆయన కోసం 41 మంది వంతులవారీగా ముందూ వెనకా పరుగెత్తి గాలిని అడ్డుకున్నారు. ముందు వెళ్లే కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేసి వేగం చూపించింది. సైకిల్ మీద వచ్చి చేతికి పానీయం అందించారు. దారి చదునైనది, వాతావరణం చూసి ముహూర్తం పెట్టారు. కిప్చోగే మహానుభావుడే, నేను కాదనను. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో ఆ మహానుభావుడే నడుము నొప్పితో మధ్యలో తప్పుకున్నాడు. మనోబలమే తేల్చేదైతే ఆ రోజు అతనికేమైందో ఈ వక్తలు చెప్పాలి.

మన మాలావత్ పూర్ణ కథకూ ఇదే గతి పట్టించారు. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండని నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక ఎవరెస్ట్ ఎక్కింది. ఏ సభలో విన్నా "సంకల్పముంటే చాలు" అన్న ముక్తాయింపుతోనే ఆ కథ ముగుస్తుంది. పూర్ణ చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ సంస్థ ప్రజల డబ్బుతో ఆమెను భువనగిరి గుట్ట మీద తాడు పట్టించింది, డార్జిలింగ్‌కు పంపింది, లద్దాఖ్ చలిలో శిక్షణ ఇప్పించింది, తర్వాతే ఎవరెస్ట్‌కు సాగనంపింది. తోడు ఇంకో విద్యార్థి ఆనంద్ కుమార్, దారి చూపడానికి షెర్పాలు ఉన్నారు. సంకల్పమే చాలంటే రేపు గురుకులాలకు నిధులు తగ్గించినా ఎవరికీ తప్పనిపించదు. ఈ వాదం ఎవరికి అక్కరకొస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

2024 ఆగస్టులో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు మగ అభ్యర్థులు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తాల్సి వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. కారణాల మీద వాదోపవాదాలు నడిచాయి, ఉత్ప్రేరకాలు వాడారన్న అనుమానమూ లేవనెత్తారు. ప్రభుత్వం పరీక్షను కొద్దిరోజులు ఆపి చేసిన మార్పులు చూడండి: ఉదయం తొమ్మిది దాటాక పరుగు వద్దంది, అభ్యర్థులకు అల్పాహారం ఏర్పాటు చేయమంది. పిల్లలు పోయాక గుర్తొచ్చిన సంగతులివి. ఆ పిల్లల్లో ఎవరికీ పట్టుదల తక్కువ లేదు. ఉద్యోగం కోసం ప్రాణం పోయేదాకా పరుగెత్తినవాళ్లకు ఎవరైనా మనోబలం గురించి పాఠం చెప్పగలరా?

అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఏటా ఆగస్టు ఎండలో ఫాల్మౌత్ పరుగు జరుగుతుంది, పదకొండు కిలోమీటర్ల పైచిలుకు. 18 ఏళ్ల లెక్కలు తీస్తే అక్కడ 274 మందికి తీవ్రమైన వడదెబ్బ తగిలింది. ఒక్కరూ చనిపోలేదు. గీత దగ్గరే ఐసునీళ్ల తొట్లు పెట్టుకుంటారు. పడిపోయిన మనిషిని అంబులెన్సు ఎక్కించే ముందే మెడదాకా ముంచి చల్లబరుస్తారు. తొట్టి, ఐసు, లోపలి వేడి కొలిచే థర్మామీటరు, దాన్ని వాడటం తెలిసిన ఒక మనిషి ఉంటే సరిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో కానిస్టేబుల్ అభ్యర్థులు 1600 మీటర్లు పరుగెత్తే ప్రతి మైదానంలోనూ, వేలమందిని పిలిచే ప్రతి నగర మారథాన్‌లోనూ ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసే అధికారి ఎవరు? వచ్చే నోటిఫికేషన్‌లో పరుగు సమయం పక్కనే ఆ అధికారి హోదా, ఫోన్ నంబరు అచ్చు వేయించండి.