కళ్లం పోయింది, ఆటస్థలం రాలేదు

గ్రామ పంచాయతీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వీధిదీపం, మంచినీళ్ల కుళాయి. ఆ రెండూ సరిగ్గా ఉంటే సర్పంచి మంచోడు, లేకపోతే చెడ్డోడు. ఊళ్లో పిల్లకాయలు యాడ ఆడుకుంటున్నారు, వయసొచ్చిన ఆడపిల్ల సాయంత్రం పూట పది అడుగులు నడవాలంటే యాడికి పోవాలి, పేపరు చదవాలనుకున్న ముసలాయన యాడ కూర్చోవాలి అన్న ప్రశ్న మీద గెలిచిన సర్పంచినిగానీ, ఓడిన సర్పంచినిగానీ నేను ఇంతవరకూ చూడలేదు. ఈ సంచిక చదివేవాళ్లలో సగం మందైనా పల్లెల నుంచి వచ్చినవాళ్లే అయివుంటారు. అందుకని మా గూడూరు ప్రాంతపు పల్లెల సంగతి పెట్టుకుని నాలుగు మాటలు రాస్తున్నాను.

మద్రాసు రైల్లో పోయేవాళ్లకు గూడూరంటే జంక్షను. వ్యాపారస్తులకు నిమ్మకాయల మార్కెట్టు. కాస్త వెనకటి తరానికి సైదాపురం వైపు అభ్రకం గనులు. నాకు మాత్రం గూడూరంటే దాని తూర్పున చిల్లకూరు, కోట మీదుగా సముద్రం దాకా పరుచుకున్న పల్లెలు. కొంత వరి, కొంత తెల్ల ఇసుక.

ఈ పల్లెల్లో వెనకట ఆటస్థలమని పేరుపెట్టిన స్థలం ఉండేది కాదు. అవసరమూ రాలేదు. కళ్లం ఉండేది. కోతలయ్యాక కుప్పలు వేసి ఎడ్లతో తొక్కించేవాళ్లు, తర్వాత్తర్వాత ట్రాక్టరు తిప్పి నూర్చేవాళ్లు. గడ్డి వాములు ఇళ్ల దగ్గరికి చేరగానే కళ్లం పిల్లకాయలదైపోయేది. అలికి, తొక్కి, గట్టిపడిన ఆ నేల మీద పగలు బిళ్లంగోడు, సాయంత్రం చెడుగుడు, ఎండాకాలం రాత్రుళ్లు ఎవరైనా ఆడిస్తే వీధి నాటకం. మళ్లీ వానలు పడిందాకా అంతే. ఆ కళ్లాన్ని ఏ కమిటీ నిర్వహించలేదు. ఏటా ఊరంతటికీ దాంతో పని పడేది కాబట్టి ఎవరూ దాన్ని కలుపుకోలేకపోయారు. ఇవాళ కంచె వేస్తే రేపు కుప్ప వేసుకునేవాడు ఊరుకోడు గదా!

తర్వాత వరికోత యంత్రం వచ్చింది. గింజ పొలంలోనే రాలుతోంది, గట్టు మీదే బస్తాకెక్కుతోంది. ఆడోళ్ల నడుములకు సుఖమైంది, కాదనను. కానీ కళ్లంతో పనిలేకుండా పోయింది. పనిలేని ఉమ్మడి స్థలానికి మన దేశంలో ఏం జరుగుతుందో అదే జరిగింది. మొదట పెంటదిబ్బ. ఆ దిబ్బ చుట్టూ కంప. కంప లోపల గొడ్లపాక. కొన్నాళ్లకు పాకకు కరెంటు మీటరు. చివరికి ఇంటిపన్ను రసీదు. తన స్థలాన్ని కలుపుకున్నవాడి దగ్గర తానే పన్ను కట్టించుకుని రసీదిచ్చే సంస్థ పంచాయతీ తప్ప మరొకటి ఉంటుందా అని నాకు అనుమానం.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందబయళ్లు, బండిబాటలు, తోపులు — ఈ పోరంబోకులు గ్రామ పంచాయతీకి చెందుతాయి. ప్రభుత్వానికి ప్రజావసరం పడితే ప్రకటన ఇచ్చి వెనక్కు తీసుకోవచ్చు. జాబితా బాగానే ఉంది. చచ్చినవాడికి చోటుంది, గొడ్డుకు చోటుంది, బండికి దారి ఉంది. పిల్లవాడికి ఆటస్థలం అన్న మాట మాత్రం ఆ వరసలో లేదు. వీధులు, మురుగు, దీపాలు, నీళ్లు పంచాయతీ తప్పక చేయాల్సిన పనులు. పార్కులు, ఆటస్థలాలు, పఠన మందిరాలు వీలైతే చేయదగిన పనులు. వీలైతే అన్న మాటకు మన ఆఫీసుల్లో అర్థమేమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు. 1992లో రాజ్యాంగాన్ని 73వ సారి సవరించి, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు రాశారు. గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు, సామాజిక ఆస్తుల నిర్వహణ అందులో ఉన్నాయి. ఉన్నాయి గాని, అంశం ఇచ్చినవాడు దాంతోపాటు మనిషినీ, డబ్బునీ ఇచ్చాడా అన్నది వేరే ప్రశ్న.

రెండేళ్ల కిందట మేం కొందరం కుర్రకారు కలిసి, మిగిలిన కళ్లాన్ని చదును చేయించమని అర్జీ పట్టుకుని తిరిగాం. ఒక ఆఫీసులో, "అబ్బయ్యా, అది రెవెన్యూ వాళ్ల భూమి, ఆడబొయ్యి అడగండి" అన్నారు. ఆ రెండో ఆఫీసుకు పోతే, "దాన్ని ఎప్పుడో పంచాయతీకి ఇచ్చేసుండాం గదయ్యా, మళ్లీ మమ్మల్ని అడిగేదేంది?" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. టీ కూడా ఇప్పించారు. 1984లో ప్రభుత్వం కరణం, మునసబుల పదవులు రద్దు చేసింది. చేయదగిన పనే, ఆ పెత్తనాలు భరించినవాళ్లకు తెలుసు. అయితే ఏ పుంత ఎంతవరకు, ఏ కళ్లం ఎవరి గట్టుదాకా అన్నది ఆ ముసలి కరణానికి నోటికి తెలిసేది. ఆ జ్ఞానం కాగితం మీదికి దిగకముందే ఆయన వెళ్లిపోయాడు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ప్రతి రైతూ తన గట్టు దగ్గర నిలబడి కొలతలు చూసుకున్నాడు. ఊరుమ్మడి భూమి గట్టు మీద నిలబడినవాళ్లు ఎందరో మీ మీ ఊళ్లలో అడిగి చూడండి.

2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. పంజాబులో పాటియాలా జిల్లా రోహర్ జాగీర్ అనే ఊళ్లో కొందరు ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఎన్నాళ్లు ఉన్నా, ఎంత ఖర్చుపెట్టినా అది హక్కు కాదు, ఊరి భూములు ఊరికి తిరిగి రావాలి, ప్రతి రాష్ట్రమూ అందుకు పథకం వేసుకోవాలి అన్నది కోర్టు. అదే సంవత్సరం జూలైలో మన రాష్ట్రమూ పంచాయతీ ఆస్తుల రక్షణకు నియమాలు చేసింది. ఆస్తుల రిజిస్టరు రాయాలి, ఆక్రమణలు పట్టుకోవాలి, తొలగించాలి. నియమాల్లో లోపం నాకు కనబడలేదు. రిజిస్టరే కనబడలేదు.

ఇంగ్లండులో ఇంకో దారి తొక్కారు. 1936లో ఐదో జార్జి చక్రవర్తి చనిపోతే, విగ్రహాలు పెట్టడం కన్నా ఆయన పేరుతో ఆటస్థలాలు పెడదామని చందాలు వేసుకున్నారు. అట్లా 471 మైదానాలు ఏర్పడ్డాయి. ప్రతిదాని గేటు దగ్గరా ఒకే తీరు ఫలకాలు. చాలాచోట్ల చూసుకునేది ఆ ఊరి స్థానిక కౌన్సిలే. కాని ఆటస్థలంగానే ఉండాలని భూమి పత్రంలోనే కట్టుబాటు ఉంది. కౌన్సిలు మారినా, ప్రభుత్వం మారినా దాన్ని అమ్ముకోవడం తేలిక కాదు. మనల్నేలిన రాజుగారి పేరు తలుచుకోవడం నాకూ ఇష్టం లేదు గాని, ఆ పత్రం సంగతి మాత్రం నేర్చుకోదగింది. మన ఊళ్లలో చనిపోయిన నాయకుల కొరత లేదు; పేరుకి తగ్గ పత్రమే లేదు.

కళ్లం పోయాక పిల్లకాయలకు మిగిలింది బడి ఆవరణ. దాని మీదా కన్నుపడింది. గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టేందుకు మన రాష్ట్రంలో చాలాచోట్ల బడి ఆవరణలే తేరగా దొరికాయి. బడుల్లో కట్టవద్దని 2020 జూన్‌లో హైకోర్టు ఆదేశించింది. ఆదేశం సరిగ్గా అమలు కాలేదని 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐ.ఎ.ఎస్. అధికారులకు శిక్ష వేసి, వాళ్లు క్షమాపణ చెప్పాక, ఏడాది పాటు నెలకొక ఆదివారం సంక్షేమ వసతిగృహాలకు వెళ్లి పిల్లలతో గడపమని మార్చింది. పల్లెకు సచివాలయం అక్కర్లేదని నేను అనడం లేదు. 2019 అక్టోబరు 2 తర్వాత మా అవ్వకు పింఛను కాగితాల కోసం మండలం చుట్టూ తిరిగే బాధ తప్పింది. కాని ఆ భవనానికి చోటు వెతికేటప్పుడు ఊళ్లో పెద్దమనుషులు కలుపుకున్న పోరంబోకు ఎవరికీ గుర్తుకు రాలేదు, పిల్లలు పరుగెత్తే జాగాయే గుర్తొచ్చింది. దీన్ని ఏమనాలి?

డబ్బు సంగతికొస్తాను. స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకోవడానికి మన రాష్ట్రంలో చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఖర్చు పెట్టుకునే అనుమతి దశాబ్దాల తరబడి ఉండింది. 2024లో గాని దాన్ని 10,000కు, 25,000కు పెంచలేదు. జెండా పండుగకే నూరు రూపాయలైతే వాలీబాల్ వలకు ఎంత కేటాయిస్తారో ఊహించుకోండి. ఆర్థిక సంఘం నిధులొస్తాయి అంటారు. 2021-22లో ఆ నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. పార్టీలకతీతంగా ఎక్కారు, అది విశేషం. మరి 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద ఆటస్థలం తయారుచేయడం కూడా అనుమతించిన పనుల్లో ఉండేది. అంటే మట్టి తోలి చదును చేయడానికి డబ్బుంది. మరుసటేడు మొలిచే తుమ్మ చెట్టు కొట్టడానికి లేదు.

మన జబ్బంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కట్టడానికి శిలాఫలకం ఉంటుంది, కాపాడటానికి ఉండదు. తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టారు. ఆలోచన మంచిదే. చోటు దొరకని ఊళ్లలో ఎక్కడో ఊరవతల గుట్టల్లో బోర్డు పాతారని, లాంగ్‌జంప్ గుంటలో గడ్డి మొలిచిందని పత్రికలు రాశాయి. మన దగ్గర 2023 డిసెంబరు 26 నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా 'ఆడుదాం ఆంధ్రా' జరిగింది. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. కిట్లు ఇచ్చారు, చొక్కాలిచ్చారు. మా కుర్రోళ్లు గూడూరు దాకా పోయి ఆడొచ్చారు, సంతోషించారు. చొక్కాలు ఇప్పటికీ వేసుకుంటున్నారు. ఆడే నేల సంగతి ఎవరూ అడగలేదు.

విడిగా పెట్టిన డబ్బు విడిగా చేరుతుందన్న నమ్మకం కూడా పెట్టుకోనక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసేది పంచాయతీ, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. మధ్యలో బకాయిలు పేరుకోవడం ప్రతి జిల్లాలోనూ పాతపాటే. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు 1914లో బెజవాడలో మహాసభ పెట్టి గ్రంథాలయోద్యమం నడిపిన దేశం మనది. ఆనాడు ప్రభుత్వం పైసా ఇవ్వకపోయినా పఠన మందిరాలు తెరుచుకున్నాయి. ఇవాళ మనం కట్టిన సెస్సుకే తాళం.

తాళమంటే గుర్తొచ్చింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తా పొడుగునా తుపాను రక్షిత భవనాలు లేచాయి. 2011లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన తుపాను ముప్పు తగ్గింపు పథకం కింద ఆంధ్ర, ఒడిశాల్లో మరికొన్ని కట్టారు. మామూలు రోజుల్లో బడికో, సభలకో, పెళ్లిళ్లకో వాడుకోవాలని, ఊరివాళ్ల కమిటీయే చూసుకోవాలని ఏర్పాటు. ఎందుకంటే రోజూ మనుషులు మసిలే భవనంలో పంపు పనిచేస్తుంది, తలుపు గడియ ఊడదు. మూసిపెట్టిన భవనంలో తుపాను రాకముందే తుపాను వచ్చినట్టుంటుంది. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ గూడూరు చుట్టుపక్కల వాగులు రోడ్డెక్కినప్పుడు మనం చూశాం. రెండోసారి మా పక్క ఊళ్లో సామాజిక భవనం తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికని వేరే ఊరు పోయి చిక్కుకున్నాడు. గొళ్లెం పగలగొట్టి జనాన్ని లోపలికి తీసుకుపోయారు. ఆ గొళ్లెం తర్వాత ఏడాదిదాకా అట్నే ఉండింది. నన్నడిగితే ఆ ఏడాదే ఆ భవనం ఊరికి బాగా ఉపయోగపడింది.

ఒక మాట ఆడపిల్లల గురించి. మగపిల్లకాయలు చెరువు ఎండితే చెరువులో ఆడతారు, కోసిన చేలో ఆడతారు. ఆడపిల్లకు అట్లా కుదరదు. ఆమెకు ఊళ్లోనే, నలుగురికీ కనపడే చోట, దీపం కింద స్థలం కావాలి. ఆటస్థలాన్ని ఊరవతలికి తోసేశారంటే సగం ఊరిని దాన్నుంచి తప్పించినట్టే. ఈ సంగతి స్థలం ఎంపిక చేసే కాగితాల్లో నాకెక్కడా కనబడలేదు.

కొందరు మిత్రులు యువజన సంఘానికి అప్పజెప్పితే పోతుంది గదా అంటారు. నేను ఒప్పుకోను. యువజన సంఘం ఎన్నికల నాటికి ఒక పార్టీదో, ఒక వీధిదో అవుతుంది. మా వైపు దళితవాడ పిల్లలు ఊరి కోర్టులో ఆడాలంటే ఇప్పటికీ ముందు ఎవరో ఒకరు పిలవాలి. భూమి పంచాయతీ పేరనే ఉండాలి, ఎందుకంటే అక్కడ వార్డు మెంబరును నిలదీసే హక్కు అందరికీ ఉంటుంది. రోజువారీ చూసుకునేది మాత్రం వాడుకునేవాళ్లే కావాలి. బడి అయ్యవారు, పొదుపు సంఘం నుంచి ఒకామె, ఆడేవాళ్లలో ఇద్దరు, అందులో ఒకరు తప్పకుండా వాడ పిల్ల. సామాజిక భవనం పెళ్లికిచ్చినప్పుడు వచ్చే అద్దె పంచాయతీ సాధారణ ఖాతాలో కలిసిపోకుండా ఆ భవనానికీ, ఆ ఆటస్థలానికే ఖర్చు కావాలి. లెక్క గోడ మీద రాయాలి. తాళంచెవులు రెండు ఉండాలి, ఒకటి ఆడమనిషి దగ్గర.

వీటన్నిటికన్నా ముందు జరగాల్సింది ఒకటుంది. పనిలేక పడివున్న ప్రతి కళ్లం పోరంబోకునూ గ్రామసభ తీర్మానంతో ఆటస్థలంగా రికార్డులో రాయించుకోవాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మా ఊరి సభలో సిమెంటు రోడ్లు, కాలవల జాబితా చదివి చప్పట్లు కొట్టించారు. లేచి కళ్లం సంగతి అడిగినవాడికి, "అది ఎజెండాలో లేదబ్బయ్యా" అన్న జవాబొచ్చింది. ఎజెండాలో చేర్చమని ముందుగా రాసిస్తే ఆ జవాబు చెప్పడం కష్టం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మేం టేపు పట్టుకుని కొలిచాం. వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కావాలి, చుట్టూ కాస్త ఖాళీ కావాలి. మా కళ్లంలో ఇంకా అంత జాగా ఉంది, ఒక గడ్డివామీ, ఒక పాత ట్రాక్టరు ట్రక్కూ పక్కకు జరిపితే. వాము యజమాని జరుపుతానన్నాడు. ట్రక్కాయన ఆలోచిస్తానన్నాడు. కొలతల కాగితం కొత్త అర్జీకి జతచేసి ఇచ్చి, ఈసారి రసీదు తీసుకున్నాం.