ఇందర్ ఎలా తప్పించుకున్నాడు?

'అర్థ్' సినిమా పేరెత్తితే చాలు, అందరూ చివరి సన్నివేశం దగ్గరికే వెళతారు. ప్రియురాలు కవిత కాదన్నాక ఇందర్ భార్య పూజ దగ్గరికి తిరిగొస్తాడు. క్షమించమంటాడు. ఇదే పని నేను చేసి వస్తే నువ్వు నన్ను ఏలుకునేవాడివా అని పూజ అడుగుతుంది. లేదంటాడు. అయితే వెళ్ళిరమ్మంటుంది. 1982లో హిందీ తెరమీద ఒక ఇల్లాలు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. అంతకు ముందటేడు వచ్చిన 'సిల్‌సిలా'లో యశ్ చోప్రా దారి తప్పిన భర్తను భద్రంగా భార్య దగ్గరికి చేర్చి కథ కంచికి పంపాడు. 'అర్థ్' దర్శకుడు మహేశ్ భట్ ఆ తలుపు మూసేశాడు. పూజగా నటించిన షబానా ఆజ్మీకి జాతీయ పురస్కారం దక్కింది. నలభై ఏళ్ళు దాటినా, ఆడదాని ఆత్మగౌరవం గురించి మాట్లాడినప్పుడల్లా ఆ సన్నివేశాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నాం.

ఆ సాక్ష్యం మీద నాకు అభ్యంతరం ఉంది. పూజ జవాబు మీద కాదు, ఆ జవాబు చెప్పే అవకాశం ఆమెకు ఎలా వచ్చిందన్న దాని మీద.

ఇందర్ ఎందుకు తిరిగొచ్చాడు? చేసిన తప్పు తెలిసొచ్చి కాదు, కవిత వదిలించుకుంది గనక. కవిత ఎందుకు వదిలించుకుంది? ఆమెకు మతి చలించింది గనక. భయాలు, అనుమానాలు, నిద్రలేని రాత్రులు ఆమెను అక్కడిదాకా నెట్టాయి. ఇప్పుడు కథలోంచి ఆ జబ్బును తీసేసి చూడండి. కవిత ఆరోగ్యంగా, ఇందర్‌తో సుఖంగా ఉందనుకోండి. అతను వెనక్కి రాడు. పూజ అడగాల్సిన ప్రశ్న గొంతులోనే ఉండిపోతుంది. మనం చప్పట్లు కొట్టే సన్నివేశమే ఉండదు. అంటే ఒక ఆడదాని విజయం కోసం ఇంకొక ఆడదాని మనసును ముక్కలు చేయాల్సి వచ్చింది. ఆ లెక్క ఎవరూ తీయరు.

పైగా ఆ జబ్బును చూపించిన తీరు చూడండి. పూజ మంగళసూత్రం తెగి నల్లపూసలు ఇల్లంతా చెదిరినట్టు, అవి తన కాళ్ళకు గుచ్చుకుంటున్నట్టు కవితకు భ్రమ. సూత్రం తెంపింది ఇందర్. పూసలు గుచ్చుకున్నది కవితకు. ఇల్లాలి ఉసురు తగిలిందని మన ఇళ్ళలో అనే మాటకూ దీనికీ తేడా ఏముంది? వైద్యం కావాల్సిన వ్యాధిని పాపఫలంగా చూపించిన సినిమాను అభ్యుదయ చిత్రంగా నెత్తిన పెట్టుకున్నాం. ఇద్దరికీ చెరో మాట చెప్పి నెట్టుకొచ్చినవాడికి మాత్రం పీడకల ఒక్కటి కూడా రాలేదు.

ఇది దర్శకుడి సొంత కథ, జరిగింది జరిగినట్టు తీశాడు అని సమర్థించేవాళ్ళున్నారు. తన జీవితంలోంచే, నటి పర్వీన్ బాబీతో తన అనుబంధంలోంచే ఈ కథ పుట్టిందని భట్ స్వయంగా చెప్పాడు. నా దృష్టిలో అది సమర్థన కాదు, ఇంకొక అభియోగం. 1982 నాటికి పర్వీన్ బాబీ బతికే ఉంది, సినిమాల్లోనే ఉంది. ఆ అనుబంధంలో ఆయన ఒక పక్షం. ఆ పక్షమే కథ రాసుకుని, తీర్పు కూడా చెప్పుకుంది. 1993లో 'ఫిర్ తేరీ కహానీ యాద్ ఆయీ', ఆమె చనిపోయిన మరుసటి ఏడాది 2006లో ఆయన కథతో 'వో లమ్హే' వచ్చాయి. మూడుసార్లూ చెప్పింది మగవాడే. తెరమీద ఆమె కథ ఆమె నోట మనం వినలేదు. స్మితా పాటిల్ గనక కవిత పాత్రకు కాస్త ప్రాణం పోసింది. ఆమె కళ్ళలో కనిపించే భయం చూస్తే కవిత మీద జాలి కలుగుతుంది. ఆ గొప్ప నటిది, కథది కాదు.

అప్పటి చట్టమూ ఇందర్‌కు అడ్డు రాలేదు. శిక్షాస్మృతి 497వ సెక్షన్ ప్రకారం, పెళ్ళైన స్త్రీతో ఆమె భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడిదే నేరం. ఫిర్యాదు హక్కు ఆ స్త్రీ భర్తది. మోసపోయిన భార్యకు అందులో చోటే లేదు. కవితకు పెళ్ళి కాలేదు కాబట్టి ఇందర్ చేసింది నేరమే కాదు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది, మంచి పని చేసింది. ఇందర్‌ను జైల్లో వేయమని నేను అనడం లేదు. చట్టం వదిలేసిన మనిషిని కథైనా నిలదీయాలి కదా అంటున్నాను.

ఈ సినిమాలో మెచ్చుకోవాల్సింది నిజంగా ఉంది. అది చివరి సన్నివేశంలో కాదు, డబ్బు గురించి చెప్పిన చోట ఉంది. అనాథగా పెరిగిన పూజకు సొంతిల్లు ఒక కల. ఇందర్ తాళాలు చేతిలో పెడితే మురిసిపోతుంది. ఆ ఇంటికి డబ్బిచ్చింది కవిత అని తెలిశాక అక్కడ ఉండలేక ఆడవాళ్ళ హాస్టల్‌కు చేరుతుంది, ఉద్యోగం వెతుక్కుంటుంది. పూజ ఇంటి పనిమనిషిది ఇంకో కథ. కూతురి చదువు కోసం ఆమె దాచుకున్న డబ్బును తాగుబోతు మొగుడు ఎత్తుకుపోతాడు. ఆమె అతన్ని చంపి జైలుకు వెళుతుంది. జీతం ఉన్న ఇల్లాలు మర్యాదగా కాదనగలిగింది. దాచుకున్నది పోయిన ఇల్లాలికి కత్తే మిగిలింది. ఆత్మగౌరవం వెనక నెలజీతం ఉండాలని ఇంత సూటిగా చెప్పిన సినిమాలు తక్కువ. దాన్ని వదిలేసి ఒక్క డైలాగును పట్టుకుని వేలాడుతున్నాం.

మన దగ్గరా ఇదే తంతు. అదే 1982లో దాసరి 'మేఘసందేశం' వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. ఇప్పటికీ ఇళ్ళలో చర్చ ఇల్లాలైన జయసుధ పాత్ర ఓర్పు గొప్పదా, ప్రియురాలైన జయప్రద పాత్ర ప్రేమ గొప్పదా అన్న దగ్గరే తిరుగుతుంది. అక్కినేని పాత్రను బోనెక్కించి అడిగినవాళ్ళు అరుదు. 1996 నాటికి 'ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు' అని ఆ ఇరకాటాన్నే హాస్యం చేసుకుని హాయిగా నవ్వుకున్నాం. భార్యకు మొగుణ్ణి కొంగున కట్టుకోవడం చేతకాలేదంటాం, రెండో ఆమె వలేసి లాక్కుందంటాం. మధ్యలో ఉన్న మగవాడు తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళాడన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

ఇకమీదట ఇలాంటి కథ తెరమీదికొస్తే ఆఖర్న ఇల్లాలు క్షమించిందా, గెంటేసిందా అని మాత్రమే చూడకండి. అబద్ధమాడింది ఎవరు, దాని ఖరీదు కట్టింది ఎవరు అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషి కానంతవరకూ, పూజ ఎంత గట్టిగా కాదన్నా, గెలిచింది ఇందరే.